మూడింట రెండు వంతుల సిద్ధాంతం

ఈ దేశంలో సోషలిజం మీద నమ్మకానికి ఒక రుసుము ఉంది. 10,000 రూపాయలు, డిమాండ్ డ్రాఫ్టు రూపంలో. దానికి తోడు వంద మంది సభ్యుల అఫిడవిట్లు, ఒక నియమావళి జత చేయాలి. రాజ్యాంగానికీ, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకూ మా పార్టీ విధేయంగా ఉంటుందని ఆ నియమావళిలో రాసి తీరాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ పెట్టిన షరతు అది. ఆ మాట ఉంటే ఎన్నికల సంఘం రిజిస్టరు చేస్తుంది, లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. రాసిన మాటను మీరు నిజంగా నమ్ముతున్నారా అని అడిగే గడి మాత్రం ఫారంలో ఎక్కడా లేదు.

ఆ లెక్కన మన దగ్గర రిజిస్టరైన ప్రతి పార్టీ సోషలిస్టు పార్టీయే. ఉక్కు ఫ్యాక్టరీ అమ్మేద్దామనే పార్టీ సోషలిస్టే. అమ్మొద్దని రోడ్డెక్కి, అధికారం రాగానే ఆ ఊసెత్తని పార్టీ కూడా సోషలిస్టే. కులసంఘం కల్యాణమండపంలో పుట్టిన పార్టీ సెక్యులర్ పార్టీ. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు అధ్యక్షుడయ్యే పార్టీ ప్రజాస్వామిక పార్టీ. కావాలంటే కాగితాలు చూసుకోవచ్చు. అన్నీ సక్రమంగా ఉంటాయి, నోటరీ ముద్రతో సహా.

ఈ ఏర్పాటు వెనక కథ కూడా ముచ్చటైనదే. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి.షా లేచి, భారతదేశాన్ని సెక్యులర్, ఫెడరల్, సోషలిస్టు దేశమని రాజ్యాంగంలోనే రాద్దామని సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజాన్ని ఆర్థికంగా ఎలా నడుపుకోవాలో ఆయా కాలాల ప్రజలు తేల్చుకోవాలి గానీ, పుట్టబోయే తరాల చేతులు మనం ఇప్పుడే కట్టేయకూడదన్నది ఆయన వాదన. ఆ మాట 28 ఏళ్లు నిలిచింది. 1976లో ఎమర్జెన్సీ నడుస్తుండగా, ప్రతిపక్ష నాయకుల్లో చాలామంది జైళ్లలో ఉండగా, 42వ సవరణతో సోషలిస్టు, సెక్యులర్ అనే మాటలు పీఠికలోకి వచ్చాయి. ప్రజలు నోరెత్తడానికి వీల్లేని రోజుల్లో, ప్రజలే ఈ మాటలు కోరుకున్నట్టు, ప్రజల పేరుతోనే మొదలయ్యే వాక్యంలో చేర్చారు.

1989కల్లా ఆ విధేయత పార్టీల మెడకూ చుట్టుకుంది. 2002లో సుప్రీంకోర్టు ఇంకో సంగతి తేల్చింది. మోసంతో రిజిస్టరు చేయించుకోవడం లాంటి కొద్ది సందర్భాలు తప్ప, మాట తప్పిందన్న కారణంతో పార్టీ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని. అంటే గుమ్మం దగ్గర ప్రమాణం చేయిస్తారు, లోపలికి వెళ్లాక ఎవరూ అడగరు. 2024 నవంబరులో అదే కోర్టు పీఠికలోని ఆ మాటలను సమర్థిస్తూ, సోషలిజమంటే మన దగ్గర సంక్షేమ రాజ్యమని, ప్రైవేటు రంగానికి అది అడ్డు కాదని వివరించింది. పార్టీలు ఊపిరి పీల్చుకున్నాయి. ఇన్నాళ్లూ తాము తెలియకుండానే సిద్ధాంతానికి కట్టుబడి ఉన్నామన్న సంగతి వాటికి ఆ రోజే తెలిసింది.

సోషలిజం మంచిదా, మార్కెట్టు మంచిదా అన్న తగువు ఇక్కడ పెట్టుకోవడం లేదు. నమ్మినా నమ్మకపోయినా ఒకే కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తే, నమ్మినవాడి సంతకానికి విలువ పోతుంది. నమ్మనివాడికి ఆ కాగితంతో పోయేదేమీ లేదు. మన రాజకీయాల్లో సిద్ధాంతానికి పట్టిన మొదటి తెగులు ఇదే.

ఈ విద్యలో తెలుగువాళ్లకు పాఠం చాలా ముందే అందింది. 1955 జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దేశంలో సోషలిస్టు తరహా సమాజం నిర్మిస్తామని తీర్మానం చేశారు. ఆ వెంటనే ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. అధికారం చేతికందినట్టేనని కమ్యూనిస్టులు ధీమాగా ఉన్నారు. మీరు తెస్తామనే సోషలిజం మేమే తెస్తాం, రక్తపాతం లేకుండా తెస్తాం అని కాంగ్రెస్ వాళ్లు ఊరూరా చెప్పారు. కమ్యూనిస్టులకు దక్కినవి 15 సీట్లు. ప్రత్యర్థి సిద్ధాంతాన్ని ఖండించడం కంటే దానికి చివర ‘తరహా’ తగిలించి ఎత్తుకుపోవడం సులువని ఆ ఎన్నికలే నేర్పాయి.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి నడిచిన ఎన్.జి.రంగా, సహకార సేద్యం పేరుతో రైతు భూమికి ఎసరు పెడుతున్నారంటూ నాలుగేళ్లకు బయటికొచ్చి 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. సోషలిజానికి ఎదురు నిలబడతానని బాహాటంగా చెప్పిన పార్టీ అది. ఆ పార్టీ మునిగింది. రంగా తిరిగి కాంగ్రెస్‌లోకే వచ్చి 1980లలో గుంటూరు నుంచి లోక్‌సభకు గెలుస్తూ వచ్చారు. తర్వాత 1991లో మరో తెలుగాయన, పి.వి.నరసింహారావు, లైసెన్స్ రాజ్‌ను సాగనంపారు. పద్ధతి పోయింది, పార్టీ నియమావళిలో మాట మిగిలింది. ఇంట్లో మనిషి లేకపోయినా గుమ్మానికి పేరున్న పలక అలాగే ఉంచుకున్నట్టు.

తక్కినవాళ్లు తక్కువ తిన్నారని కాదు. జనసంఘం 1965లో విజయవాడ మహాసభలో ఏకాత్మ మానవవాదాన్ని తన సిద్ధాంతంగా స్వీకరించింది. దాని వారసురాలిగా 1980లో పుట్టిన బీజేపీ, పుట్టగానే గాంధేయ సోషలిజం అని ప్రకటించుకుంది. గాంధీ సంగతి, సోషలిజం సంగతి ఆ పార్టీ కార్యకర్తని ఇప్పుడు అడిగి చూడండి, మీ ఓపికను బట్టి. కాంగ్రెస్‌ను గద్దె దించడానికి ఆత్మగౌరవ నినాదంతో 1982లో పుట్టిన తెలుగుదేశం, 2018లో తెలంగాణలో అదే కాంగ్రెస్‌తో చెట్టపట్టాలేసుకుని ఓట్లడిగింది. సామాజిక న్యాయం కోసం 2008లో పుట్టిన ప్రజారాజ్యం, 18 సీట్లు గెలిచి, మూడేళ్లు తిరక్కుండా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. న్యాయం జరిగిందో లేదో గానీ సర్దుబాటు జరిగింది. తెలంగాణ కోసం 2001లో పుట్టిన పార్టీ, 2022లో తన పేరులోంచి తెలంగాణనే తీసేసింది. ఇంకో పార్టీ ఉంది. యువజనులు, శ్రామికులు, రైతులు అనే ముగ్గురిని పేరులో ఒక వరసలో నిలబెట్టింది, మొదటి అక్షరాలు కలిపితే ఒక నాయకుడి పేరు వచ్చేలా. పొడి అక్షరాల్లో ఇంత సిద్ధాంతం ఇమిడ్చిన వాళ్లు ప్రపంచంలో వేరే లేరు. 2019 ఏప్రిల్‌లో ఉభయ కమ్యూనిస్టులతో కలిసి ఓట్లడిగిన జనసేన, 2020 జనవరికల్లా బీజేపీతో పొత్తు ప్రకటించింది. ఎరుపు నుంచి కాషాయానికి పది నెలల లోపే. రంగులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పెద్ద దూరమేమీ కాదనుకోవాలి.

ఇది చదివి కమ్యూనిస్టులు మీసం మెలేయనక్కర్లేదు. వాళ్ల జబ్బు వేరు. తక్కిన పార్టీలకు సిద్ధాంతం చాలకపోతే వీళ్లకు అది ఎక్కువైంది. 1964లో ఒక పార్టీ రెండైంది. 1969లో మార్క్సిస్టు-లెనినిస్టు అంటూ మూడోది వచ్చింది. అక్కణ్నుంచి జనశక్తి, న్యూడెమోక్రసీ, ప్రజాపంథా అంటూ పేరు పక్కన పేరు చేరుతూ పోయింది. విప్లవం ఏ దారిలో రావాలన్న దాని మీద రాజీ లేక ఇన్ని చీలికలు. సీట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం రాజీకి లోటు లేదు. ఉభయ కమ్యూనిస్టు పార్టీలు 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెస్‌తో, 2009లో మళ్లీ తెలుగుదేశంతో, 2022 మునుగోడు ఉపఎన్నికలో టీఆర్ఎస్‌తో నిలబడ్డాయి. సాటి కమ్యూనిస్టుతో కలవడానికి అడ్డొచ్చే సిద్ధాంతం, బూర్జువా పార్టీతో కలవడానికి ఎప్పుడూ అడ్డు రాలేదు.

ఇంతమంది వాడుతున్నప్పుడు మాటలు అరిగిపోవాలి కదా, పోలేదు. ఎందుకంటే ఏ మాట ఎప్పుడు వాడాలో మన నాయకులకు కచ్చితంగా తెలుసు. ‘ఆశయం’ చనిపోయిన నాయకుడికి మాత్రమే ఉంటుంది. జయంతికీ వర్ధంతికీ దండ వేసేటప్పుడు బయటికి తీస్తారు. ‘విలువలు’ టికెట్ రాని రోజు సాయంత్రం గుర్తొస్తాయి. మర్నాడు పొద్దున ప్రెస్ క్లబ్‌లో అవి ‘ఆత్మగౌరవం’ అవుతాయి. కార్పొరేషన్ చైర్మన్ పదవి పక్క నియోజకవర్గం వాడికి పోతే ‘సైద్ధాంతిక విభేదాలు’ వస్తాయి. సీట్ల సర్దుబాటు కుదిరితే ‘భావసారూప్యం’ ఉన్నట్టు, ఒక్క సీటు దగ్గర తెగితే ‘మౌలిక వైరుధ్యం’ ఉన్నట్టు. నిన్నటిదాకా బూతులు తిట్టుకున్న వాళ్లతో పొత్తు పెట్టుకోవాల్సి వస్తే అది ‘చారిత్రక అవసరం’. ‘అంతరాత్మ’ మాత్రం రాజ్యసభ ఎన్నికలప్పుడు, అదీ ఓట్లు తక్కువపడ్డ పార్టీ ఎదుటి పార్టీ ఎమ్మెల్యేలకు గుర్తు చేస్తేనే మేలుకుంటుంది.

అసలు తంతు కండువాది. ఏ నాయకుడూ తన ఇష్టంతో పార్టీ మారడు. ముందు కార్యకర్తలతో సమావేశం పెడతాడు. వాళ్లు ఒత్తిడి చేస్తారు. నియోజకవర్గ అభివృద్ధి ఆయన్ని నిద్రపోనివ్వదు. ముఖ్యమంత్రిని మర్యాదపూర్వకంగా కలుస్తాడు. ఆ మర్యాదలో భాగంగా మెడలో కండువా పడుతుంది. ఫొటో బయటికి రాగానే, అది కండువా కాదు శాలువా అంటాడు. అప్పటికే ఊళ్లో ఫ్లెక్సీలు మారిపోయి ఉంటాయి. పాత అధినేత బొమ్మ ఉన్నచోట కొత్త అధినేత బొమ్మ, నమస్కారం పెడుతున్న మన నాయకుడి బొమ్మ మాత్రం పాతదే. ‘ఉద్యమాల గడ్డ’, ‘పేదల పెన్నిధి’ కూడా అవే. మార్చాల్సిన అవసరం ఏముంది, వాటికి ఏ పార్టీతోనూ సంబంధం లేదు కదా.

కండువా కప్పుకుంటే చట్టం ఒప్పుకోదనే భయం ఉన్న రోజుల్లో ఇంకో ఉపాయం కూడా కనిపెట్టారు. కొడుకులకు కండువా కప్పిస్తారు, తండ్రి పక్కన నిలబడి దీవిస్తాడు. కొడుకు ఏ సిద్ధాంతంలో చేరితే తండ్రికేం సంబంధం? ఇద్దరూ మేజర్లే. సభలో ఆ తండ్రి సొంత పార్టీ బెంచీలకు కాస్త దూరంగా కూర్చుంటాడు. చేరలేదు, జరిగాడు. చేరితే అనర్హత. జరిగితే నియమావళిలో ఎక్కడా నిషేధం లేదు.

ఆ చట్టం సంగతి చెప్పుకోవాలి. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారితే, ఆయారాం గయారాం అన్న పేరు దేశమంతా మోగింది. 1984 ఆగస్టులో మన దగ్గర నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. ఆ నెలంతా ప్రజాస్వామ్యం ఎమ్మెల్యేల బస్సుల వెంట హైదరాబాదు నుంచి కర్ణాటక దాకా తిరిగింది. క్యాంపు అంటే సైనికులదనుకునే ఊళ్లకు అది రాజకీయ నాయకులదని అప్పుడే తెలిసింది. కొన్ని నెలలకు, 1985లో, 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. ఇక గోడ దూకుళ్లు బందు అని అందరూ అనుకున్నారు.

బందు కాలేదు. టోకు వ్యాపారానికి లైసెన్సు వచ్చింది. ఒక్కడు పార్టీ మారితే ఫిరాయింపు, పదవి పోతుంది. మూడో వంతు మంది ఒకేసారి వెళ్తే అది చీలిక, పదవులు భద్రం. మూడింట రెండు వంతుల మంది వేరే పార్టీతో కలిస్తే అది విలీనం. 2003లో 91వ సవరణ చీలికను తీసేసింది. అంటే పాపానికి పరిహారంగా చూపాల్సిన తలల సంఖ్యను మూడో వంతు నుంచి రెండు వంతులకు పెంచారు. తల ఒక్కటైతే ద్రోహం, తలలు చాలినన్ని అయితే సిద్ధాంతం.

2019 జూన్‌లో తెలంగాణలో ఈ లెక్క ఎంత అందంగా కుదిరిందో చూడండి. కాంగ్రెస్‌కు 19 మంది ఎమ్మెల్యేలు. వాళ్లలో ఒకరు ఎంపీగా గెలిచి రాజీనామా చేశారు. మిగిలింది 18 మంది. వాళ్లలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 11 మంది దగ్గర ఆగిపోయి ఉంటే 11 మందీ ఫిరాయింపుదారులు. పన్నెండో ఆయన సంతకం పెట్టగానే అందరూ పునీతులు. అదే నెలలో ఢిల్లీలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిశారు. ఆరుకు నాలుగు. రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంత కచ్చితంగా లెక్క చూసుకుని మారిన అంతరాత్మలను ఆడిటర్లు కూడా మెచ్చుకోవాల్సిందే.

లెక్క కుదరనప్పుడు ఏమవుతుంది? ఏమీ కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67 సీట్లు వచ్చాయి. వాళ్లలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. మూడింట రెండు వంతులంటే 45 మంది కావాలి. ఆ సంగతి చిన్న పిల్లాడికీ తెలుసు. కానీ లెక్క చూడాల్సింది స్పీకర్, ఆయన చూడకపోతే లెక్కే లేదు. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019 ఎన్నికల్లో తెలుగుదేశానికి దక్కినవి సరిగ్గా 23 సీట్లు. దేవుడు రాసిన స్క్రిప్టు అని విజేతలు మురిసిపోయారు. ఆ తర్వాతి అయిదేళ్లలో వాళ్ల సభలోనే అటు నుంచి ఇటు నలుగురు, ఇటు నుంచి అటు నలుగురు జరిగారు. 2024 ఫిబ్రవరి చివర్లో స్పీకర్ ఆ ఎనిమిది మందినీ అనర్హులుగా ప్రకటించారు. అప్పటికి ఆ సభ చివరి సమావేశాలు ముగిసిపోయాయి. మే నెలలో ఎన్నికలు. కూర్చోవడానికి సభ లేనప్పుడు కుర్చీ లాగేశారు.

తెలంగాణలో 2023లో పాత్రలు తారుమారయ్యాయి, నాటకం మారలేదు. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ 39 సీట్లు గెలిచింది. 2024లో వాళ్లలో పది మంది కాంగ్రెస్ వైపు నడిచారు. ఒకాయన బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ బీ ఫారంతో సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. ఒకే మనిషి ఒకేసారి అధికార పక్షం అభ్యర్థి, ప్రతిపక్ష శాసనసభ్యుడు. ఇదంతా అయ్యేటప్పుడే కాంగ్రెస్ తన ఎన్నికల ప్రణాళికలో, పార్టీ మారితే దానంతట అదే పదవి పోయేలా పదో షెడ్యూలును సవరిస్తామని రాసుకుంది. ఆ ప్రణాళికను 2024 ఏప్రిల్‌లో తుక్కుగూడ సభలో తెలంగాణ జనానికీ చూపించారు. 2019లో ప్రజాస్వామ్యం హత్యకు గురైందని ఏడ్చినవాళ్లు 2024లో దండలు పట్టుకుని నిలబడ్డారు. 2019లో దండలు పట్టుకున్నవాళ్లు 2024లో గుండెలు బాదుకున్నారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చండని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. తేల్చడమన్నది ఒక పని అని కోర్టు గుర్తు చేస్తే గానీ గుర్తుకు రాలేదు.

స్పీకర్లనూ పూర్తిగా తప్పుపట్టలేం. వాళ్ల చేతికి తీర్పు ఇచ్చింది చట్టమే. అదే చట్టం వాళ్లకు ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చింది. స్పీకర్ అయ్యాక నిష్పక్షపాతంగా ఉండటం కోసం పార్టీకి రాజీనామా చేసినా పదవి పోదు. ఆ వెసులుబాటు రాకముందే, 1967లో, లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేసినాయన నీలం సంజీవరెడ్డి, అనంతపురం మనిషి. చట్టం లేనప్పుడు మనిషి ఉన్నాడు. చట్టం వచ్చాక వెసులుబాటు పుస్తకంలోనే ఉంది. చట్టం చూపిన ఇంకో దయ కూడా చెప్పుకోవాలి. సభకు నామినేట్ అయినవాళ్లకు ఏ పార్టీలో చేరాలో తేల్చుకోడానికి ఆరు నెలల గడువుంది. జీవితమంతా సేవ చేసి పేరు తెచ్చుకున్న పెద్దమనిషికి తన సిద్ధాంతమేదో కనుక్కోవడానికి అరవయ్యో ఏట ఆరు నెలలు ఇస్తారు. చాలా ఉదారమైన గడువు.

ఇన్ని వెసులుబాట్లలో ఒక్కటి మాత్రం లేదు. పార్టీలోనే ఉండి, తన పార్టీ తెచ్చిన బిల్లు తప్పని నమ్మి, విప్‌కు ఎదురుగా ఓటేసే సభ్యుడికి చట్టంలో దిక్కులేదు. అతను పార్టీ మారలేదు. డబ్బు ముట్టలేదు. కండువా కప్పుకోలేదు. ఎన్నికల ముందు జనానికి చెప్పిన మాట మీదే నిలబడ్డాడు. అధినేత క్షమిస్తే సరి, లేకపోతే పదవి పోయినట్టే. పన్నెండు మంది కలిసి పార్టీని ఎత్తుకుపోతే విలీనమట. ఒక్కడు మాట నిలబెట్టుకుంటే అనర్హతట. ఒంటరి మనస్సాక్షిని శిక్షించి, గుంపు బేరాన్ని గుర్తించే చట్టం పేరు ఫిరాయింపుల నిరోధక చట్టం. సభలో నోరెత్తే వీలు లేనప్పుడు, ఎమ్మెల్యేకి మిగిలిన పని రోడ్డుకూ బోరుకూ సంతకం తెచ్చుకోవడమే. అది అధికార పార్టీ దగ్గర దొరుకుతుంది. అందుకే నియోజకవర్గ అభివృద్ధి కోసం వెళ్లానన్నప్పుడు ఆయన పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు. అంతకంటే భయపడాల్సిన సంగతి ఏముంది?

మనమూ అమాయకులం కాదు. మన ఎమ్మెల్యే ప్రతిపక్షంలో ఉంటే మన ఊరికి సీసీ రోడ్డు రాదని బాధపడేది మనమే. కండువా మార్చి రోడ్డు తెస్తే పాలాభిషేకం చేసేదీ మనమే. రోడ్డు మన పన్నులతో వస్తోందని, ప్రతిపక్షం ఓటరుకూ అందులో వాటా ఉందని అడగడం మానేసి, మనవాణ్ని అటు పంపడమే తెలివనుకున్నాం. సిద్ధాంతం లేని నాయకుణ్ని తిడుతున్నాం గానీ, ఆయన ముందు మనం పెట్టిన ఒకే ఒక్క సిద్ధాంతం సిమెంటుతో చేసింది.

నమ్మకానికి ఖరీదు కట్టినవాళ్లు ఈ నేల మీద లేరా? ఉన్నారు. కాకినాడ పి.ఆర్.కాలేజీలో పాఠాలు చెప్పే గోరా, దేవుడి గురించి తనకున్న అభిప్రాయం రాసినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. అభిప్రాయం మార్చుకోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య తన ఆస్తిని పార్టీకి ఇచ్చేసి, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. 1976లో పార్టీ పంథా తనకు నచ్చనప్పుడు సీపీఎం ప్రధాన కార్యదర్శి పదవిని వదులుకున్నారు. పార్టీని వదల్లేదు. ఈ ఇద్దరి దారీ తప్పని వాదించేవాళ్లు ఉండొచ్చు, వాదించాలి కూడా. అలా వాదించడానికి ఆ ఇద్దరి దగ్గర నిజంగా ఒక దారి ఉంది. ఇప్పటివాళ్ల దగ్గర వాదించడానికి ఏముంది? వాళ్ల సిద్ధాంతాన్ని ఖండించడానికి పొద్దున్నే లేచి కూర్చుంటే, మధ్యాహ్నానికి అది వాళ్ల దగ్గర ఉండదు.

పార్టీ మారడం పాపమేమీ కాదు. మనిషన్నాక అభిప్రాయం మారుతుంది. మారినప్పుడు ఏం చేయాలో కూడా ఈ రెండు రాష్ట్రాలకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. తెలంగాణ కోసం పదవులు వదిలేసి 2010 జులైలో 12 అసెంబ్లీ సీట్లలో ఉపఎన్నికలు తెచ్చి, టీఆర్ఎస్ 11 చోట్ల, బీజేపీ ఒకచోట గెలిచాయి. కాంగ్రెస్‌ను వీడిన జగన్ 2010లో కడప ఎంపీ పదవికి రాజీనామా చేసి, 2011లో అయిదు లక్షలకు పైగా మెజారిటీతో తిరిగొచ్చారు. విప్ ధిక్కరించి పదవులు పోగొట్టుకున్న ఎమ్మెల్యేల సీట్లతో కలిపి, 2012లో 18 చోట్ల జరిగిన ఉపఎన్నికల్లో ఆయన పార్టీ 15 గెలిచింది. అంటే రాజీనామా పనిచేస్తుంది. నమ్మి చేసినవాణ్ని జనం గుర్తుపడతారు. ఆ రాజీనామాల మీద గద్దెనెక్కిన పార్టీలే తర్వాత రాజీనామా చేయనివాళ్లకు తలుపులు బార్లా తెరిచాయి. ఆయుధం పదునైనదని తెలిసినవాళ్లే దాన్ని అటక మీద దాచారు, తమ మీదికే ఎవరైనా తెస్తారని.

కాబట్టి ఈసారి పార్టీ మారిన నాయకుడు ఊళ్లోకి వస్తే ఆయన సిద్ధాంతమేమిటని అడిగి టైము వృథా చేసుకోవద్దు. దానికి ఆయన దగ్గర మంచి జవాబులున్నాయి, పార్టీకొకటి. అడగాల్సింది ఒక్కటే: రాజీనామా లేఖ ఎక్కడ? లేఖ చూపిస్తే, నచ్చినా నచ్చకపోయినా, ఆయన మాట వినండి. చూపించలేకపోతే ఆయన మార్చింది సిద్ధాంతాన్ని కాదు, యజమానిని.